అరకు కొండలు దిగే ముందు బ్రేకు నేర్చుకో తమ్ముడూ

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం. చదివే మిగతావాళ్లకి కూడా అర్థమవుతుంది. ఆరు నెలల కిందట సైకిల్ కొన్నావు. ప్రతి ఆదివారం విశాఖ ఆర్కే బీచ్ నుంచి భీమిలి వెళ్లి వస్తున్నావు. డిసెంబరులో ఇద్దరు స్నేహితులతో అరకు వెళ్లి, గాలికొండ దగ్గర తారు రోడ్డు వదిలేసి, కొండ దారుల్లో కిందకు దిగాలని ఉంది. ఏ ట్రైల్ మంచిది, ముప్పై వేల సైకిల్ సరిపోతుందా, ముందు చక్రాన్ని పట్టి ఉంచి కుదుపు తట్టుకునే ఫోర్కు మార్పించాలా, చిరుతలూ పాములూ ఉంటాయేమో, ప్రమాదం ఏమైనా ఉందా అని అడిగావు.

సైకిల్ సరిపోతుంది. ఫోర్కు మార్చక్కర్లేదు. ప్రమాదం ఉంది, కానీ నువ్వు భయపడుతున్న చిరుతలూ పాముల దగ్గర కాదు. ఇక ట్రైల్ సంగతి. ఈ ఒక్క మాట దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాలి.

వీడియోల్లో నువ్వు చూసే ట్రైళ్లు సైకిళ్ల కోసమే తవ్వినవి. మలుపు దగ్గర మట్టి ఎత్తుగా పోసి, దూకడానికి దిమ్మలు కట్టి, ఎదురుగా ఎవరూ రాకుండా ఒకవైపే నడిచేలా చేస్తారు. అనంతగిరి కొండల్లో నువ్వు వెళ్లే దారులు అలాంటివి కావు. అక్కడ కనిపించే ప్రతి కాలిబాటకీ ఒక పని ఉంది. ఒకటి ఊటనీళ్లకి పోతుంది, ఒకటి పోడు చేనుకి, ఇంకొకటి సంతకి. పశువులు దిగే దారి వేరు, కట్టెలకు వెళ్లే దారి వేరు. మ్యాపులో సన్నటి చుక్కల గీతలా కనబడే దాని మీద నెత్తిన మూటతో ఒక మనిషి ఎక్కి వస్తూ ఉంటుంది. నువ్వు మలుపు తిరిగేసరికి ఆమె నీ ముందు ఉంటుంది. అప్పుడు నువ్వు ఆగగలవా? నీ నాలుగు ప్రశ్నలకీ ముందు తేలాల్సింది ఇదే.

నేను ఒకసారి ఆగలేకపోయాను. ఏడెనిమిదేళ్ల కిందటి మాట. కటికి జలపాతం వైపు నుంచి బొర్రా వైపు జీపు దారిలో దిగుతున్నాను. అప్పటికే గంట నుంచి బ్రేకులు పట్టుకునే ఉన్నాను. చేతి కింది బ్రేకు లివర్ మెత్తబడింది, పట్టు తగ్గింది. అది తెలిసి కూడా ఆగలేదు, ఇంకో రెండు మలుపులేగా అనుకున్నాను. రెండో మలుపులో ఇద్దరు ఆడవాళ్లు కట్టెల మోపులతో ఎదురొచ్చారు. పక్కకు తిప్పేశాను. ముందు చక్రం గులకరాళ్ల మీద బిగుసుకుపోయి జారింది. భుజం మీద పడ్డాను, కాలర్ బోన్ విరిగింది. ఆ ఇద్దరూ మోపులు దింపి, ఒకామె నా దగ్గర కూర్చుంటే ఇంకొకామె ఊళ్లోకి పరుగెత్తి మగవాళ్లను పిలుచుకొచ్చింది. వాళ్ల రోజు పని పోయింది. ఎవరూ ఒక్క మాట అనలేదు, డబ్బులిస్తే తీసుకోలేదు. మన్యంలో చాలా ఊళ్లకి ఈ రోజుకీ సరైన రోడ్డు లేక, కాన్పు నొప్పులొచ్చినా, జ్వరమొచ్చినా డోలీ కట్టి మనుషులు మోసుకురావాల్సి వస్తోంది. అలాంటి చోట మనం సరదాకి వెళ్లి, చూసుకోకుండా పడిపోయి, వాళ్ల భుజాల మీద ఇంకో బరువు కావడం నాకు ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది. అందుకే ఎవరు అడిగినా ఎక్కడం గురించి కాదు, దిగడం గురించే ముందు చెబుతాను.

కొంచెం లెక్క చూడు. నువ్వు 70 కిలోలు, సైకిలూ బ్యాగూ కలిపి 15 కిలోలు అనుకుందాం. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. ఆ ఎత్తంతా దిగితే దాదాపు ఏడున్నర లక్షల జౌళ్ల శక్తి ఎక్కడో ఖర్చవ్వాలి. కొంత గాలికి పోతుంది. తారు రోడ్డు మీద వేగంగా దిగితే గాలే ఎక్కువ భాగం తీసుకుంటుంది. కానీ రాళ్ల దారిలో నెమ్మదిగా దిగుతావు కాబట్టి ఎక్కువ భాగం బ్రేకుల్లోకే వెళ్తుంది. ఆ వేడితో రెండు లీటర్లకు పైగా నీళ్లు మరిగించవచ్చు. అదంతా జానెడు కూడా లేని రెండు బ్రేకు డిస్కు రేకుల మీద పడుతోంది. బ్రేకు ఊరికే మెత్తబడదు.

కొండల్లో సైకిల్ తొక్కే ఈ ఆట, అదే మౌంటెన్ బైకింగ్, పుట్టిన చోట కూడా ఇదే సంగతి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, మరిన్ కౌంటీలో 1970లలో కొందరు కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లతో కొండ దిగేవాళ్లు. 1976 అక్టోబరులో మొదలైన వాళ్ల పందేనికి రీప్యాక్ అని పేరు. ఆ సైకిళ్లకు పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉండేది, అది వెనక చక్రం ఇరుసులో ఉంటుంది. ఒక్కసారి కిందకు దిగేసరికి ఆ ఇరుసులోని గ్రీజు కాలి పొగై పోయేది. మళ్లీ గ్రీజు నింపితే గానీ ఇంకోసారి దిగలేరు. అలా మళ్లీ నింపడం నుంచే ఆ పేరు వచ్చింది. ఆ మరుసటి ఏడాదే, 1977లో, వాళ్లలో ఒకరైన జో బ్రీజ్ కొండల కోసమే కొత్త ఫ్రేము తయారుచేశాడు. 1996 అట్లాంటా నాటికి ఒలింపిక్స్‌లోకి వెళ్లింది ఈ ఆట. ఇన్నేళ్లలో సైకిల్ ఎంతో మారింది, బ్రేకులో వేడి పుట్టడం మాత్రం మారలేదు.

ఇక మన నేల. తూర్పు కనుమల్లో మన వైపు ఎక్కువగా ఉండేది ఖోండలైట్ రాయి. ఈ కొండల్లో ఉండే ఖోండుల పేరు మీదే దానికి ఆ పేరు పెట్టారు. అది వానకీ ఎండకీ కుళ్లి ఎర్రమట్టి అవుతుంది, అందులోని పలుగురాయి ముక్కలు మాత్రం కరగకుండా మిగిలిపోతాయి. కింద గట్టి నేల, పైన పరిచినట్టు గులకలు. ఎండాకాలంలో గోలీల మీద నడిచినట్టు ఉంటుంది. వాన పడితే అదే ఎర్రమట్టి సబ్బులా జారుతుంది, టైరుకి ముద్దలు ముద్దలుగా అంటుకుని ఫోర్కు మధ్య ఇరుక్కుపోతుంది. బీచ్ రోడ్డు మీద ఆరు నెలలు తొక్కిన కాళ్లకి దమ్ము వస్తుంది గానీ ఈ నేల మీద పట్టు రాదు. అది వేరే నేర్చుకోవాలి.

ఎలా నేర్చుకోవాలంటే, ముందు ఒక ఖాళీ గ్రౌండు చూసుకో. స్కూలు గ్రౌండయినా సరే, మట్టి ఉండాలి. నేల మీద ఒక గీత గీసి, ఓ మాదిరి వేగంతో వచ్చి ఆ గీత దగ్గర బ్రేకు వేసి ఎంత దూరంలో ఆగావో అడుగులతో కొలువు. మొదట వెనక బ్రేకు ఒక్కటే. చక్రం బిగుసుకుపోయి ఈడ్చుకుంటూ పోతుంది, దూరం చాలా పడుతుంది. తర్వాత ముందు బ్రేకు ఒక్కటే, చాలా మెల్లగా, ఒక్క వేలితో. సగం దూరంలో ఆగడం చూసి ఆశ్చర్యపోతావు. ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదకు వస్తుంది, అందుకే దానికి ఆ బలం. తర్వాత రెండూ కలిపి. రోజుకి ఇరవైసార్లు చొప్పున రెండు వారాలు చేయి. వెనక చక్రం ఈడ్చుకుపోకుండా ఆపడం నీ చేతికి అలవాటయ్యేదాకా కొండ మాట ఎత్తకు.

దిగేటప్పుడు సీటు మీద కూర్చోకూడదు. పెడళ్ల మీద నిలబడు, రెండు పెడళ్లూ ఒకే ఎత్తులో ఉండాలి, మడమలు కిందకు దించు, మోకాళ్లూ మోచేతులూ వంచి వదులుగా పెట్టు. అప్పుడు రాళ్ల కుదుపు నీ కాళ్లే మింగేస్తాయి. సీటును దిగుడు మొదలయ్యే ముందు రెండు మూడు అంగుళాలు కిందకు దించుకో, చాలా తేడా తెలుస్తుంది. చూపు చక్రం ముందు కాదు, నాలుగైదు సైకిళ్ల దూరం అవతల ఉండాలి. నువ్వు చూసిన వైపే సైకిల్ పోతుంది. గుంటను చూస్తూ కూర్చుంటే గుంటలోకే పోతావు.

ముఖ్యమైన సంగతి ఇంకొకటి, నాకు నేర్చుకోవడానికి ఏళ్లు పట్టింది. బ్రేకుని దారి పొడవునా ఒకేలా పట్టుకోకూడదు. బండ కనబడిన చోట, గట్టి నేల ఉన్న చోట గట్టిగా వేసి వేగం బాగా తగ్గించుకో. గులకలు పరిచిన చోట వదిలెయ్, చక్రాన్ని తిరగనివ్వు. బండ మీద పట్టు, గులక మీద వదులు. మలుపుకి ముందే వేగం దించాలి, మలుపులో ముందు బ్రేకు జోలికి పోకూడదు. ఇలా చేస్తే వదిలిన ప్రతిసారీ డిస్కు కాస్త చల్లారుతుంది కూడా. అయినా పదిహేను ఇరవై నిమిషాలకోసారి ఆగి లివర్ నొక్కి చూడు. మొదట్లో ఉన్నంత గట్టిగా లేకపోతే కూర్చో, నీళ్లు తాగు, కొండను చూడు. డిస్కు మీద నీళ్లు పొయ్యకు, వేడి రేకు వంకరపోతుంది. చేత్తో ముట్టుకోకు, చర్మం ఊడుతుంది.

చక్రం ఈడ్చడం వద్దని ఇంతగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. బిగిసిన చక్రం ఎర్రమట్టిలో గాడి చేస్తుంది. వచ్చే వానకి ఆ గాడిలో నీళ్లు దిగుతాయి, రెండేళ్లలో అది మోకాలి లోతు కాలువ అవుతుంది. మనం ఫొటో పెట్టుకుని మర్చిపోతాం, ఆ దారిన రోజూ బిందెతో నడిచే మనిషికి మాత్రం అది ప్రతి పూటా తగులుతుంది. అందుకే ఎర్రమట్టి దిబ్బల మీద సైకిల్ తొక్కే వీడియోలు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. భీమిలి దారిలో ఉన్న ఆ దిబ్బలు భూవారసత్వ స్థలం. వాటి నిండా నీటి కోతకు పడిన గాడులే, ఇంకో కోతకు తట్టుకోలేనంత వదులుగా ఉంటాయి. అక్కడ సైకిల్ దింపకు, నడిచి చూసి రా. తొట్లకొండ, బావికొండ, పావురాళ్లకొండ మీది బౌద్ధ శిథిలాల చుట్టూ కూడా అంతే.

మరి ఎక్కడ తొక్కాలి? నా సలహా, గోస్తని నదిని పట్టుకుని కింద నుంచి పైకి వెళ్లు. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా వచ్చి, తాటిపూడి జలాశయంలో ఆగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. నువ్వు ప్రతి ఆదివారం చేరుకుంటున్న భీమిలి ఆ నది చివర. అక్కణ్నుంచి వెనక్కి నడుచుకుంటూ పోతే నీకు కావలసిన పాఠాలన్నీ వరసగా దొరుకుతాయి.

మొదటి నెల భీమిలి చుట్టుపక్కలే. తారు రోడ్డు వదిలి సరుగుడు తోటల మధ్య ఇసుక దారుల్లో తొక్కు. ఇసుకలో హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటే పడతావు, వదులుగా పట్టుకుని బరువు వెనక్కి వేసి పెడల్ ఆపకుండా తొక్కితే సైకిల్ దానంతటదే దారి వెతుక్కుంటుంది. దీనికోసం టైరులో గాలి తగ్గించడం నేర్చుకుంటావు. నువ్వు ఇప్పుడు బీచ్ రోడ్డుకి 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పెడుతూ ఉంటావు. ట్యూబు ఉన్న 2.2 అంగుళాల టైరుకి, 70 కిలోల మనిషికి కొండ దారిలో 30 దగ్గర మొదలుపెట్టొచ్చు. మరీ తగ్గిస్తే రాయి తగిలి ట్యూబుకి పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. ట్యూబ్‌లెస్ చేయించుకుంటే ఇంకో నాలుగైదు తగ్గించుకోవచ్చు, తుమ్మ ముళ్లకి పంక్చర్లు కూడా చాలావరకు తప్పుతాయి. ఫోర్కు మీద పెడదామనుకున్న డబ్బులు దీని మీద పెట్టు.

దమ్ము కోసం సింహాచలం కొండ చుట్టూ తిరుగు. ఆషాఢ పున్నమికి లక్షల మంది కాలినడకన చేసే గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. అదే దారిని మామూలు రోజు తెల్లవారుజామున, ట్రాఫిక్ మొదలవకముందే సైకిల్ మీద ఒక చుట్టు చుట్టి రా. రెండో చుట్టు కూడా ఆయాసం లేకుండా చేయగలిగిన రోజు నీ కాళ్లు అరకుకి సిద్ధం. ఎక్కుడు అలవాటుకి కైలాసగిరి రోడ్డు, యారాడ కొండ రోడ్డు ఉన్నాయి. యారాడ నిటారుగా ఉంటుంది, దిగేటప్పుడు ఆటోలు మలుపుల్లో కనబడవు, జాగ్రత్త. ఆ వైపు నేవీ స్థలాలు ఉన్నాయి, బోర్డు కనబడితే లోపలికి పోవద్దు, కెమెరా తియ్యొద్దు.

కంబాలకొండ గురించి చాలామంది అడుగుతారు, ఊరి పక్కనే కదా అని. సుమారు 70 చదరపు కిలోమీటర్ల ఆ అడవి వన్యప్రాణి అభయారణ్యం. చిరుతలు అక్కడ నిజంగా ఉన్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపల తిరగకూడదు. గేటు దగ్గర అటవీశాఖ వాళ్లని అడుగు, ఏ దారికి సరే అంటే ఆ దారిలోనే, వాళ్లు చెప్పిన వేళల్లోనే. వెనక వైపు ఊళ్లలోంచి కంచె దాటి పోయే దారి ఫలానా అని ఎవరైనా చెబితే వినొద్దు.

రెండో నెల తాటిపూడి. ఎస్.కోట (శృంగవరపుకోట) వైపు వెళ్లి, జలాశయం పక్కన ఊళ్ల మధ్య మట్టి రోడ్లు, చెరువు గట్లు, జీడిమామిడి తోటల దారులు చూసుకో. ఎత్తుపల్లాలు చిన్నవి, పడినా పెద్ద దెబ్బ తగలదు, అరిస్తే మనిషి పలుకుతాడు. నాకు మొత్తం మీద అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. పొద్దున్నే కొండల మీద మంచు లేస్తూ ఉంటే, నీళ్ల మీద కొంగలు, గట్టు మీద మన చక్రాల చప్పుడు. అరకు అంత పేరు దీనికి లేదు గానీ, నేర్చుకునేవాడికి ఇంతకంటే మంచి చోటు మన చుట్టుపక్కల నాకు దొరకలేదు. విశాఖ తాగే నీళ్లలో కొంత ఇక్కడివే, కాబట్టి గట్టున ప్లాస్టిక్ వదలకు. గెడ్డలు, అంటే కొండవాగులు, దాటడం కూడా ఇక్కడే నేర్చుకో. చిన్న గెడ్డయినా ముందు దిగి నడిచి లోతు చూసి, తర్వాతే సైకిల్ దింపాలి.

ఆ తర్వాతే అనంతగిరి. మొదటిసారి వెళ్తే గాలికొండ నుంచి కాలిబాటలు పట్టవద్దు. డముకు, అనంతగిరి, సుంకరిమెట్ట మధ్య తారు రోడ్డు నుంచి కాఫీ తోటల్లోకి, ఊళ్లలోకి వెళ్లే జీపు దారులు చాలానే ఉన్నాయి. వాటిలో ఒకటి ఎంచుకుని, ముందు కింద నుంచి పైకి ఎక్కు, తర్వాత అదే దారిలో దిగు. ఎక్కేటప్పుడు ఏ మలుపులో గులక ఉంది, ఎక్కడ కోత పడింది, ఎక్కడ ఇళ్లు ఉన్నాయి, పిల్లలు ఎక్కడ ఆడుతున్నారు, అన్నీ నీ కంటికి తెలుస్తాయి. తెలియని దారిలో మొదటిసారే పై నుంచి దిగడం నేను ఇప్పటికీ చేయను. బొర్రా నుంచి కటికి వైపు జీపు దారి కూడా మంచిదే, కానీ సెలవు రోజుల్లో జీపులు వరసగా తిరుగుతాయి, వాటి మధ్య దుమ్ములో తొక్కడం నరకం. వారం మధ్యలో, పొద్దున్న ఎనిమిది లోపు వెళ్లు. బొర్రా చుట్టుపక్కల రైలు పట్టాల పక్కన గానీ, సొరంగాల దగ్గర గానీ అడ్డదారి కలుస్తుందని ఎవరు చెప్పినా పోవద్దు. ఆ కొత్తవలస–కిరండూల్ లైను మీద ఇనుప ఖనిజం గూడ్సు బళ్లు పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటాయి.

అరకు నుంచి ఎస్.కోట దాకా తారు రోడ్డు మీద దిగడం కూడా చిన్న పని కాదు, సుమారు 60 కిలోమీటర్లు. మొదటి ప్రయాణానికి అదొక్కటే చాలు. సైకిల్‌ని కిరండూల్ పాసింజర్‌లో లగేజీగా వేసుకుని వెళ్లొచ్చు. ముందు రోజే స్టేషన్‌లో పార్సిల్ ఆఫీసుకి వెళ్లి కనుక్కో. దారిలో శిమిలిగూడ స్టేషన్ వస్తుంది, 996 మీటర్ల ఎత్తని బోర్డు మీద రాసి ఉంటుంది, మిస్సవకు.

డిసెంబరు మంచి నెల ఎంచుకున్నావు. నవంబరు సగం నుంచి ఫిబ్రవరి దాకా నేల గట్టిగా ఉంటుంది. పసుపు రంగు వలిసె (నూనెగింజ) పూలు చాలావరకు డిసెంబరు మొదటి వారాల్లోనే చూడాలి. పొద్దున్న మంచు దట్టంగా ఉంటే పదడుగుల దూరంలో మనిషి కూడా కనబడడు, ఎండ ఎక్కేదాకా దిగుడు మొదలుపెట్టవద్దు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా జలగలు, జారుడు, ఒక్కసారిగా పొంగే గెడ్డలు. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను కబురు ఉంటే టికెట్లు రద్దు చేసుకో, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన ఊరు మనది, నీకు వేరే చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పిడుగులు పడతాయి, బోడికొండ మీద ఉండొద్దు.

డిసెంబరు అంటే మన్యంలో కోతల కాలం కూడా. చోళ్లు (రాగులు), వలిసెలు రోడ్డు మీదే ఆరబోస్తారు, నూరుస్తారు. కాఫీ పళ్లు కోసే రోజులు, తోటల దారుల్లో బస్తాలు మోసేవాళ్లు ఉంటారు. ఆరబోసిన గింజల మీద చక్రం పోనివ్వకు, దిగి పక్కనుంచి నడిపించుకుపో. ఎక్కి వచ్చే మనిషికి ఎప్పుడూ మనమే దారి ఇవ్వాలి, బరువు మోసేవాళ్లు ఎదురైతే సైకిల్ దిగి పూర్తిగా పక్కకు జరిగి నిలబడాలి. చిన్న గంట ఒకటి కట్టుకో, మలుపుకి ముందు మోగించు. ఎద్దులు ఎదురొస్తే గంట కూడా వద్దు, నెమ్మదిగా మాట్లాడుతూ ఆగు. సంత రోజు ఏదో ఏ టీ కొట్లో అడిగినా చెబుతారు, ఆ రోజు ఆ ఊరి దారుల్లో దిగుడు పెట్టుకోవద్దు. ఊళ్లోకి వెళ్లగానే పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే, ఈ దారిలో సైకిల్ మీద పోవచ్చా అని అడుగు. తెలుగు చాలామందికి వచ్చు, కొన్ని ఊళ్లలో ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. వద్దంటే వద్దే. అడగకుండా ఫొటోలు తియ్యకు, పిల్లలకి చాక్లెట్లు పంచకు. టిఫినో భోజనమో ఆ ఊళ్లోనే డబ్బులిచ్చి తిను.

ఇక సైకిల్. ముప్పై వేలకి వెనక కూడా స్ప్రింగు ఉన్నది ఇస్తామంటే వద్దను, ఆ ధరలో అది బరువు తప్ప ఇంకేమీ కాదు. ముందు ఫోర్కు మాత్రమే ఉన్నది చాలు, 100 మిల్లీమీటర్లు కుంగే ఫోర్కు మన జీపు దారులకి బాగా సరిపోతుంది. నీది తీగతో లాగే కేబుల్ డిస్కు బ్రేకు అయితే, డబ్బు కూడగానే మొదట మార్చాల్సింది అదే, ద్రవం ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ వేయించు. ముందు చక్రం రోటర్ (డిస్కు రేకు) 160 మిల్లీమీటర్లు ఉంటే, ఫోర్కు ఒప్పుకుంటే 180 వేయించు, వేడి తట్టుకుంటుంది. బయలుదేరే ముందు బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేసి, బీచ్ రోడ్డు మీద ఇరవై ముప్పై సార్లు వేగంగా వచ్చి ఆపుతూ పదును పట్టించు. కొత్త ప్యాడ్లతో నేరుగా కొండ దిగితే పట్టు ఉండదు.

బ్యాగులో ట్యూబులు రెండు, పంపు, చెయిన్ లింకు, ఒక జత బ్రేకు ప్యాడ్లు, మల్టీటూల్, గేరు తగిలించే హ్యాంగర్ ఒకటి తప్పనిసరి. ఆ హ్యాంగర్ ప్రతి సైకిల్‌కీ వేరు, అరకులో దొరకదు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్, హెల్మెట్, చేతి గ్లవ్స్, మోకాలి ప్యాడ్లు. ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల ఉండదు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకో, ఇంట్లో ఒకరికి ఏ దారిలో వెళ్తున్నావో, ఎన్నింటికి తిరిగొస్తావో రాసి పెట్టు. ఆధార్ కార్డు దగ్గర ఉంచుకో, చెక్‌పోస్టుల దగ్గర గంజాయి తనిఖీలు జరుగుతాయి, ఆపితే బ్యాగు తెరిచి చూపించి వెళ్లిపోవడమే. ఎవరైనా కొరియర్‌గా ఏదైనా పట్టుకెళ్లమంటే ముట్టుకోవద్దు.

పాముల విషయం కూడా అడిగావు కాబట్టి చెబుతున్నాను. సైకిల్ అదురుకి అవి చాలావరకు మనకంటే ముందే తప్పుకుంటాయి. తుప్పల్లో చెయ్యి పెట్టకు, రాళ్ల కుప్పల మీద కూర్చోకు. కాటు పడితే కోయడం, కట్లు బిగించడం, నోటితో పీల్చడం ఏదీ చేయకూడదు. కాటు పడిన చెయ్యిని గానీ కాలిని గానీ కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి, ఆస్పత్రికి చేర్చాలి. దోమ మాత్రం అంతకంటే పెద్ద సమస్య. రాత్రి ఉంటే దోమతెర వాడు, తిరిగొచ్చిన నెల రోజుల్లో చలిజ్వరం వస్తే డాక్టరుకి ఏజెన్సీకి వెళ్లొచ్చానని మొదటి మాటగా చెప్పు, మలేరియా పరీక్ష వెంటనే చేస్తారు.

ముగ్గురు వెళ్తున్నారు కాబట్టి ఒక పద్ధతి పెట్టుకోండి. నెమ్మదిగా తొక్కేవాడు ముందుండాలి, బాగా వచ్చినవాడు చివర ఉండాలి. మధ్యలో కనీసం ఇరవై అడుగుల ఎడం. పోటీ పెట్టుకోవద్దు. ఎవరికైనా ఒక మలుపు చూసి గుండె జారితే దిగి నడవాలి, మిగతా ఇద్దరూ మారుమాట అనకూడదు. నేను ఇప్పటికీ ప్రతి ప్రయాణంలో నాలుగైదు చోట్ల దిగి నడుస్తాను.

గ్రౌండులో గీత దగ్గర ఆగే పని ఈ వారమే మొదలుపెట్టు. మీ ముగ్గురి బరువులు, టైర్ల వెడల్పు, బ్రేకు కేబులా హైడ్రాలికా అనేది రాసి పెట్టు. ఎవరికి ఎంత గాలి పెట్టాలో, ఎవరి బ్రేకు మార్చాలో చూసి చెబుతాను.